ఎదురుకాళ్ళతో పుట్టినామె

పేరు అడగలేదు. జువ్వలదిన్నె మనిషినని మాత్రం చెప్పింది. నెల్లూరు బస్సులో నా పక్కన కూర్చుంది. వెనక సీటులో ఆమె మొగుడు పడుకుని కునుకు తీస్తున్నాడు.

బస్సు కుదుపుకి నేను నడుం పట్టుకోగానే ఆమె అడిగింది. "సాయంత్రం పూట జొరం గానీ వస్తా ఉందా?"

"లేదక్కా. బిందె ఎత్తబోతే పట్టేసింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే పోతుందంటుంది మా అత్త."

ఆమె గొంతు తగ్గించింది. "తొక్కించుకోబాక. నేనట్టా పుట్టినదాన్నే. వలలు లాగి నడుం పట్టేసినోళ్ళంతా నా కాడికే వచ్చేవాళ్ళు. ఈయనకీ అదేలే అని తొక్కినా. జొరం వస్తా ఉన్నా పట్టించుకోలా. కాళ్ళు చచ్చుబడినాక స్కానింగ్ తీస్తే, వెన్నులో టీబీ అన్నారు. పుచ్చిన ఎముక నా తొక్కుడుకి నలిగి నరాన్ని నొక్కేసిందంట. ఏడాదిపైన మందులు మింగాలంట. కాళ్ళొస్తాయో రావో చెప్పలేమన్నారు."

"తొక్కుడు వల్లేనని ఆయనకి తెలుసా?"

తల అడ్డంగా ఊపింది.

బ్రేకు పడింది. ఆయనకి మెలకువ వచ్చింది. నేను మళ్ళీ నడుం పట్టుకోవడం సీటు సందులోంచి చూసినట్టున్నాడు.

"నడుం నొప్పా అమ్మా? మా ఆమె చేత తొక్కించుకో. ఆమె కాలు పడితే ఎట్టాంటి పట్టయినా వదలాల్సిందే" అన్నాడు గర్వంగా.

ఆమె రెండు కాళ్ళూ సీటు మీదకి లాక్కుని, కుచ్చిళ్ళ కింద దాచుకుంది.