శంఖం ముద్ర

మా ముత్తాత జగన్నాథ నాయుడు గారు మూడూళ్లకు పెద్ద, మునసబు. మా తాత రామినాయుడు గారికి ఉద్దానంలో ముప్ఫై ఎకరాల జీడితోట. బస్తా మీద కొయ్య దిమ్మతో కొట్టిన మా శంఖం ముద్ర కనిపిస్తే పలాసలో తూకం వేయకుండానే దించుకునేవారట. ఇంతటి వంశ ప్రతిష్ఠను పదో తరగతిలో నేనొక్కడినే, ఒక్క పూటలో, ఒక్క జీడిపిక్కతో ఎలా మంటగలిపానో చెబుతాను. నవ్వండి. కాకపోతే కాస్త మర్యాదగా నవ్వండి.

తొంభైల చివరి మాట. పలాస బడిలో మా తరగతిలో కూర్మారావు అని ఒకడుండేవాడు. వాళ్ల తాత మా తోటలో బస్తాలు మోశాడు. వాళ్ల నాన్న జీడి ఫ్యాక్టరీ పెట్టాడు. వాడేమో విశాఖపట్నం వెళ్లి ముంజేతి మీద గద్ద బొమ్మతో దిగాడు. తడిపి అంటిస్తే దిగే స్టిక్కరు, అంతే! తరగతి మొత్తం బెల్లం మీద ఈగల్లా ఆ చేతి మీద వాలింది.

"రేపు గ్రూపు ఫొటోలో కూర్మారావుని మజ్జిలో కూకోబెడదార్రా!"

మధ్యలోనా! మా తాత ఎదుట వాళ్ల తాత చెప్పులు విడిచి నిలబడేవాడండీ! నా కడుపు వాళ్ల ఫ్యాక్టరీ పొయ్యిలా మండింది.

"ఇదీ ఒక బొమ్మేనా? మా వంశానికి అసలైన ముద్రే ఉంది. రేపు చూడండి" అన్నాను.

"సూత్తాం బావా" అన్నాడు వాడు, గద్ద మీద దుమ్ము ఊదుకుంటూ. వాడికి నేను బావనెప్పుడయ్యానో!

ఆ సాయంత్రం తోటకు వెళ్లి, పచ్చి పిక్క ఒకటి కోసి, తొక్క చీల్చి, కారిన జీడి రసంతో ముంజేతి మీద శంఖం గీశాను. నల్లగా దిగుతుందని, చెరగదని విన్నాను. మిగతాది వినలేదు. ఎలా వింటాను? మా వంశంలో పిక్కలు కొట్టించినవారే గాని కొట్టినవారు లేరు. బొమ్మ బాగా కుదిరిందన్న ఆనందంలో అదే చేత్తో ముఖం చెమట తుడుచుకున్నాను. రెండుసార్లు.

తెల్లారేసరికి శంఖం బుడగలా పొక్కింది. ముఖం పనసకాయ. ఒక కన్ను మూతపడింది, పై పెదవి లేచి ముక్కును పలకరిస్తోంది. ఫొటో కోసం అలాగే బడికి వెళ్లాను.

"ఎవుడ్రా ఈడు?"

"మన బాబే! ముద్ర ఏసుకొచ్చినాడు!"

కూర్మారావు ఒక్కడే నవ్వలేదు. "సేతికి నూని రాసుకోకండా జీడి ముట్టుకున్నావేటి బావా? మా మామ్మనడిగితే సెప్పేది కదా" అంటూ ఎక్కడినుంచో కొబ్బరినూనె తెచ్చి నా ముఖానికి రాశాడు. గద్ద ఉన్న చేత్తోనే. జీడి కంటే అదే ఎక్కువ మండింది. పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. నేను నక్కను చూసి వాత పెట్టుకున్న పులిని!

ఫొటోగ్రాఫరు నన్ను ఎగాదిగా చూశాడు. "ఈ బాబుని మజ్జిలో కూకోబెట్టండి మాస్టారూ. సివరైతే మొకం ఫ్రేములో పట్టదు."

అలా మధ్య కుర్చీ నాకే దక్కింది.

ఆనాడే ముత్తాత గారి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: చేతికి నూనె రాసుకోనిదే మా తోటలో పిక్క ముట్టనని. నేటివరకు తప్పలేదు. ఆ వేసవిలోనే తోటను కూర్మారావు వాళ్ల నాన్నకు అమ్మేశాం. శంఖం ముద్ర దిమ్మ కూడా తోటతోపాటే ఇచ్చేశాం.