సత్యవతక్క కుర్చీలో

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు. ఒక్క మాట. అది ఎవరి మీద ఎలా పడిందో కళ్ళారా చూస్తూ కూడా ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో మా ఆఫీసు చిన్నది. లారీలు బుక్ చేసుకునే ఒక యాప్ వెనక ఉండే పని మాది. కడియం మొక్కలు, భీమవరం రొయ్యలు ఏ లారీలో ఏ ఊరికి వెళ్ళాలో, ఆ వివరాలన్నీ ముంబై, హైదరాబాద్, చెన్నైలలోని కంప్యూటర్లలో ఉంటాయి. ఒకచోట రాసింది మిగతా రెండుచోట్లా వెంటనే చేరాలి. ఒకటి ఆగిపోతే ఇంకోటి అందుకోవాలి. ఏదైనా వెనకబడితే మా గదిలో అలారం మోగుతుంది. ఆ కంప్యూటర్లు ఎలా నడుస్తున్నాయో చూపించే గీతల్ని స్క్రీన్ మీద చూస్తూ కూర్చోవడమే మా ఉద్యోగం.

ఆ చూడడం నాకు నేర్పింది సత్యవతక్క. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు. ఆ గీతలు ఆమెకు తను పెంచిన పిల్లల్లా తెలుసు. చెన్నైది సోమవారం పొద్దున బద్ధకిస్తుందనీ, హైదరాబాద్‌ది అలిగితే కాసేపు వదిలేస్తే చాలనీ చెప్పేది. ఏ అలారానికి ఎంత కంగారు పడాలో ఆమెకు తెలుసు. నాకేమో అన్నిటికీ కంగారే. మధ్యాహ్నం తన గిన్నెలో కూర సగం నాకే వడ్డించేది. వద్దన్నకొద్దీ ఇంకాస్త వేసేది.

ఆ రోజు చెల్లెల్ని రైలెక్కించి వస్తానని స్టేషన్‌కి వెళ్ళింది. నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టి, తన ఐడీతో తెరిచిన స్క్రీన్ అలాగే వదిలి వెళ్ళింది. అలా వదలకూడదు. నా మీద నమ్మకం. ఇంతలో చెన్నై అలారం మొదలైంది. ఆ వారమంతా అది ఊరికే మోగి, ఊరికే ఆగుతోంది. పక్క గదిలో ఎవరో విసుక్కున్నారు. దాన్ని ఆపే అధికారం నా ఐడీకి లేదు, ఆమె ఐడీకి ఉంది. ఒక్క గంటసేపు ఆపుదామనుకున్నాను. ఎంతసేపు అని అడిగినచోట సరిగా చూడకుండా, మళ్ళీ మనమే తెరిచేదాకా అన్నదాన్ని నొక్కేశాను. ఆమె రాగానే చెబుదామనుకున్నాను. ఆమె వస్తూ వస్తూ పూతరేకులు తెచ్చింది. కబుర్లలో పడ్డాం. మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయానా? అంతవరకు నిజమే. తప్పు ఆ తర్వాతిది.

మర్నాడు ఆమెకు సెలవు. నేనొక్కదాన్నే ఉన్నాను. అలారం మోగలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నాను. మధ్యాహ్నం ముంబైలో కరెంటు సమస్య వచ్చి అక్కడి కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్‌ది రెండు రోజులుగా మరమ్మతులో ఉంది కాబట్టి పనంతా చెన్నైకి మళ్ళింది. చెన్నై అప్పటికే ఒక రోజు వెనకబడి ఉంది. ఆ రోజు బుకింగులు లేనట్టే అయిపోయాయి. మొక్కలు ఎక్కించుకున్న లారీలు ఎటు పోవాలో తెలియక ఆగిపోయాయి. సత్యవతక్క సెలవు మానుకుని వచ్చింది. మాదే పొరపాటండి, ఏ ఊరికండి, ఎన్ని మొక్కలండి అని లారీలు బుక్ చేసుకున్నవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగింది. ఆమె అడుగుతుంటే పక్కన కూర్చుని నేను రాసుకున్నాను. రెండు రోజులు.

మూడో రోజు అలారం ఎవరు ఆపారని వెతికితే ఆమె పేరు వచ్చింది. సాయంత్రం నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది. ముఖంలో కోపం లేదు, అయోమయం ఉంది.

"నా ఐడీతోనే ఆపినట్టుందమ్మా. నాకు గుర్తే రావట్లేదు. నువ్వేమైనా నొక్కావా? నొక్కినా పర్లేదు, చెప్పు."

"లేదక్కా."

"అయితే నేనే. ఏంటో, ఈమధ్య నాకు మతి ఉండట్లేదు."

పర్లేదంది కదా, మరి ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? ఆ భయం కొంత ఉంది. కానీ అసలు కారణం అది కాదు. ఆమె నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను. ఆ చూపును కాపాడుకోవడానికి, ఆమెకు తన మీదున్న నమ్మకాన్ని తీసేసుకున్నాను.

ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఆమే ఆ పని నుంచి తప్పించమని అడిగింది. ఏడాది తిరక్కుండా మానేసి రామచంద్రపురం వెళ్ళిపోయింది. ఆ కుర్చీ నాకు ఇచ్చారు. ఇవ్వమని చెప్పింది కూడా ఆమే.

ఇప్పటికీ వాళ్ళింటికి వెళ్తుంటాను. వంటింటి గోడకు ఒక కాగితం అంటించుకుంది. గ్యాస్, గీజర్, తాళం. రోజూ టిక్కు పెట్టుకుంటుంది. వీధి చివరిదాకా వచ్చి, తాళం లాగి చూడడానికి మళ్ళీ వెనక్కి వెళ్తుంది. వాళ్ళాయన డాక్టరుకు చూపించారు. ఏ జబ్బూ లేదన్నాడు. ఆమె నమ్మలేదు. కిందటి నెల వెళ్ళినప్పుడు నాకు పచ్చిమిర్చి పడదని గుర్తు పెట్టుకుని, నా కోసం విడిగా ఎండుమిర్చితో పచ్చడి నూరింది. ఎప్పుడో ఆఫీసులో ఒక్కసారి చెప్పిన మాట అది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. ఆమెకు తెలిస్తే క్షమిస్తుంది, నాకు తెలుసు. తనని తాను అనుమానించుకుంటూ గడిపిన ఆరేళ్ళు మాత్రం నేను తిరిగి ఇవ్వలేను.

ఆ అలారం ఆపింది నేను. సత్యవతక్కకు గుర్తు రాకపోవడానికి కారణం, ఆమె ఆ పని చెయ్యకపోవడమే. ఇంతవరకు ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పుడు మీరూ నేనూ, ఇద్దరం.