కాలవ దాకా కంచె

కంచెల మేస్త్రికి రేపు జరగబోయేది ఇవాళే తెలుస్తుంది. భూమిలో పాతిన గుంజలు ఆయన చెవిలో చెప్పేస్తాయి. నవ్వకండి, పేటలో చంటిపిల్లాడి దగ్గర్నుంచి పళ్ళూడిన తాత దాకా ఎవర్నడిగినా ఇదే మాట. ఆయన గుంజ పక్కన గొంతుక్కూర్చుంటాడు. మొదలు దగ్గర, సరిగ్గా మట్టీ గాలీ కలిసేచోట, స్క్రూడ్రైవర్ మొన గుచ్చి చెవి ఆనిస్తాడు. "ఇది వచ్చే వానకి పడుతుంది" అంటే పడుతుంది. "ఇది నీ మనవడి తల నెరిసేదాకా ఉంటుంది" అంటే ఉంటుంది. ఒకాయన నమ్మక, బాగుందన్న గుంజని రెండు చేతులా పట్టి ఊపాడట. గుంజ కదల్లేదు గాని, ఆయన కట్టుడు పళ్ళు ఊడి పక్కింటి పెరట్లో పడ్డాయి. అడిగితే ఆ పెరడు కూడా చూపిస్తారు.

మనిషి గునపం అంత సన్నం, గునపం అంత గట్టి. నోరు మాత్రం రంపం. "నేను పాతిన గుంజ పీకాలంటే ముందు భూమిని బోర్లించాలి" అనేవాడు. ఆయన భార్య వెంటనే, "అన్నం తిన్న కంచం బోర్లించడం కూడా రాదు గాని" అనేది.

ఆ ఇంట్లో ఇంకొకరు మేస్త్రి అక్క. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ కళ్ళకి లోకమంతా పొగ పట్టిన అద్దం. జ్ఞాపకమూ అంతే, ఉన్నట్టుండి వెలుగుతుంది, ఉన్నట్టుండి ఆరిపోతుంది. కూర్చోబెడితే కూర్చోదు. నడవాలి. అందుకని మేస్త్రి పెరటి చుట్టూ ఆవిడ కోసమే ఒక కంచె కట్టాడు. పేడు గుచ్చుకోకుండా ప్రతి చెక్కనీ గరుకు కాగితంతో చెంపలా నున్నగా రుద్దాడు. పొద్దున్న లేచింది మొదలు ఆవిడ ఎడంచెయ్యి చెక్కల మీద ఆనించి చుట్లు తిరుగుతూనే ఉంటుంది. చెయ్యి చెక్కల మీద టకటకమని పోతుంటే ఇంట్లోవాళ్ళకి గుండె నిబ్బరం.

"మీ అక్కయ్యగారు డ్యూటీ ఎక్కారు" అనేది భార్య.

ఆవిడకొక పద్ధతి ఉంది. చేతికి చెక్క తగలడం ఆగిపోతే, చెయ్యి ముందుకు చాచి ఒకే ఒక్క అడుగు వేస్తుంది. ఏదైనా దొరికితే సాగిపోతుంది. దొరక్కపోతే వెనక్కొచ్చి, చివరి గుంజని పట్టుకుని నిలబడుతుంది, ఎవరో ఒకరు వచ్చేదాకా.

అలా ఉండగా తుఫాను వచ్చింది. పేటలో కంచెలన్నీ తాగుబోతుల్లా ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. ముసలి గుంజలు మొదలు దగ్గర పుటుక్కున విరిగాయి. తెల్లారి చూస్తే ఎవరి పెరడేదో తెలీదు, ఎవరి కోడి ఎవరిదో తెలీదు. మేస్త్రి కంచె మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ఆయన మూల గుంజని పైన పట్టుకుని ఒక్కసారి ఊపి, మీసం మీద చెయ్యేశాడు.

"చూశావా? తుఫాను మన గేటు దాకా వచ్చి, ఇదెవరి కంచె అనడిగి, నా పేరు విని తోక ముడిచింది."

"మీ పేరు విని కాదు. దాన్ని నా బట్టల తీగ పట్టుకుని ఉంది" అంది భార్య. ఆ తీగ మూల గుంజ నుంచి ఇంటి గోడ దాకా బిగించి ఉంటుంది.

ఆ మాట ఆయన చెవిన వేసుకోలేదు. ఊరందరి గుంజల మొదళ్ళలో స్క్రూడ్రైవర్ గుచ్చినవాడు తన గుంజలో గుచ్చలేదు. ఏటేటా రంగు వేసిన గుంజ, పెళ్ళికొడుకులా మెరుస్తోంది, దానికేం రోగం అనుకున్నాడు.

పని మీద పని. పక్కిల్లు, దాని పక్కిల్లు, అలా వీధి పొడుగునా కాలవ వైపు దిగుతూ పోయాడు. విరిగిన గుంజ తవ్వి తీయడం, కొత్తది దించడం, రసమట్టం పెట్టి నిలువు చూడడం, సిమెంటు పోయడం, అది ఆరాక చెక్కలు కొట్టడం. సందు మొగలో టైలరు కంచె పెరట్లోకి వాలిపోతుంటే లాగి కట్టడానికి తీగ కావాల్సొచ్చింది. ఇనప కొట్టు కప్పు ఎగిరిపోయి మూసేశారు. మేస్త్రి ఇంటికొచ్చి కటింగ్ ప్లయరుతో బట్టల తీగ తెంపేశాడు.

"అయ్యో, నేను బట్టలెక్కడ ఆరేసుకోను?"

"కంచె లేదూ? ఏనుగుని ఆరేసినా మోస్తుంది."

ఆ తీగని టైలరు గుంజ నుంచి సందుకి అడ్డంగా అవతలి దీపస్తంభానికి నడుమెత్తున బిగించి, ఎవరూ తట్టుకోకుండా ఎర్రగుడ్డ కట్టాడు. స్తంభాన్ని ఆనుకునే తర్వాతి ఇంటి కంచె మొదలవుతుంది. వీధి వైపు పనంతా అయ్యాక నడుం మీద చేతులేసుకుని, "మా ఇంటి నుంచి కాలవ దాకా ఇప్పుడు ఒక్క చెక్క తేడా లేదు. చీమ కంచె ఎక్కిందంటే నేల దిగకుండా కాలవకి పోతుంది" అన్నాడు. టైలరు ఆ మాటకి పకపకా నవ్వాడు కూడా.

చివరి ఇల్లు కాలవ గట్టు మీద, కుక్కావిడది. ఆవిడకి కుక్క ఒక్కటే లోకం గనక పేట ఆ పేరు పెట్టింది. వీధి వైపు కంచె పూర్తయింది. మూల తిరిగి నీళ్ళ అంచు దాకా దిగే వైపు గుంజలు పొద్దున్నే పాతాడు. కాలవ నిండుగా, గట్టు ఒరుసుకుంటూ, ఎవరిదో మంచం ఒకటి తేల్చుకుంటూ పోతోంది.

"ఏం మేస్త్రీ, గుంజలు పాతి పోతే వాటి మధ్యలోంచి నా కుక్క దూరి పోదూ? చెక్కలు కొట్టు" అంది ఆవిడ.

"సిమెంటు పచ్చిగా ఉందమ్మా. పచ్చిపుండు మీద గుద్దినట్టవుతుంది. ఆరేదాకా సుత్తి తగలకూడదు."

"ఇందాక కొట్టేస్తానన్నావుగా!"

"ఇందాక వేరు. ఇప్పుడు గుంజ వద్దంటోంది."

"నీతో గుంజలు మాట్లాడతాయేమో. నాతో నా కుక్కే మాట్లాడుతుంది. అది నిన్ను కరుస్తానంటోంది."

మేస్త్రి తేలిగ్గా ఉన్న సంచీ భుజాన వేసుకుని సైకిలెక్కాడు. ఇనప కొట్టు తెరిచారేమో చూద్దామని బజారు దారిన చుట్టూ తిరిగి వచ్చాడు. తెరవలేదు. ఇంటి ముందు సైకిలు దిగుతూనే కేకేశాడు. "ఏమే, మేకుల డబ్బా ఎక్కడ పెట్టావ్?"

ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగి మాడుతున్న వాసన. పెరట్లోకి వెళ్ళాడు. మూల దగ్గర కంచె బయటికి వెల్లకిలా పడి ఉంది. దాని మీద తడి దుప్పట్లు. ఆ దుప్పట్లలో కాళ్ళు ఇరుక్కుని భార్య నిలబడి ఉంది.

"పాలు చూసొద్దామని లోపలికెళ్ళానండీ. గిన్నె దించేలోపే చప్పుడైంది. వదిన లేదు."

మేస్త్రి గొంతుక్కూర్చున్నాడు. అలవాటైన చెయ్యి స్క్రూడ్రైవర్ తీసి విరిగిన మొదట్లో గుచ్చింది. పిడి దాకా దిగిపోయింది. లోపల చెక్క లేదు, నానిన పొట్టు. పైన రంగు ఒక్కటే ఇన్నాళ్ళూ గుంజలా నటించింది. గుంజ తల మీద తెగిన తీగ ముక్క ఇంకా మెలిక తిరిగి ఉంది.

"కంచే చేను మేసిందండీ" అంది భార్య. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకి కాస్త ఊపిరాడేది.

ముందు తప్పు దారిన పడ్డాడు. మనుషులున్న చోటికే పోయి ఉంటుందని బజారు వైపు సైకిలు తోలాడు. "అక్కా! అక్కా!" అని అరుస్తుంటే గొంతు తనది కానట్టుంది. క్షౌరశాల మెట్ల మీద కూర్చున్న మంగలి, "ఏం మేస్త్రీ, ఏ గుంజ తప్పిపోయింది?" అన్నాడు. మేస్త్రి మొహం చూశాక కత్తెర కిందపెట్టి లేచాడు. బస్సులు ఆగే చోట వెతికారు. కప్పు ఎగిరిన కొట్టు వెనక వెతికారు. అడిగినవాళ్ళందరూ లేదనే తల ఊపారు. ఆకాశం మళ్ళీ నల్లగా దిగుతోంది. వానొస్తే ఆ కాస్త చూపూ ఉండదు ఆవిడకి.

అప్పుడు వీధిలోంచి భార్య కేక వినిపించింది. తిరిగొచ్చేసరికి పక్కింటి కంచె ముందు నిలబడి వేలు చూపిస్తోంది. కొత్త చెక్కల మీద, నడుమెత్తున, చెక్క చెక్కకీ ఒక బురద చార. అరచేతి వెడల్పు.

"పడి లేచినట్టుంది. చెయ్యంతా బురదే" అంది.

"ఎడంచెయ్యి" అన్నాడు మేస్త్రి. అని, చార పోతున్న వైపు చూశాడు. కాలవ వైపు.

తుఫానుకి ముందైతే ఈ వీధిలో ఏ కంచే సరిగా లేదు. ఒకచోట చెక్కలూడి, ఒకచోట దాటిపోవడానికి సందు చేసి, ఎక్కడికక్కడ తెగి ఉండేది. అక్క రెండు ఇళ్ళు కూడా దాటేది కాదు. గుంజ పట్టుకుని నిలబడిపోయేది. ఆ సందులన్నీ పూడ్చింది ఎవరు? ఈ వారమంతా కూర్చుని, రసమట్టం పెట్టి మరీ, ఆవిడకి దారి వేసింది ఎవరు?

మేస్త్రి సైకిలు పడేసి పరుగెత్తాడు. పరుగెత్తుతూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన పనిలో తప్పు కోసం వెతికాడు. ఒక్క చెక్క ఊడి ఉండకూడదా? ఒక్క మేకు వదులు కాకూడదా? ఏ గుంజైనా కుంగి ఉండకూడదా? ఏదీ లేదు. దిక్కుమాలిన కంచె, ఎక్కడా తెగదు. చార ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పారింది.

సందు మొగ వచ్చింది. ఇక్కడ ఆగి ఉండాలి. సందు వెడల్పులో సగం దాకా కూడా ఆవిడ చెయ్యి అందదు. ఇక్కడ కచ్చితంగా ఆగి ఉండాలి.

తీగ మీద ఎర్రగుడ్డ బురదయి ఉంది. అవతలి స్తంభం మీద బురద. రెండింటి మధ్యలో అక్క చెప్పు ఒకటి పడి ఉంది.

టైలరు కిటికీలోంచి తల బయట పెట్టి, "మీ అక్కగారు ఇందాక ఇటు..." అన్నాడు. మిగతాది మేస్త్రి వినలేదు. భార్య ఆ చెప్పు తీసి గుండెకి హత్తుకుని, పరుగెత్తలేక స్తంభం దగ్గరే కూలబడింది. "మీరు వెళ్ళండి, మీరు వెళ్ళండి" అంటూనే ఉంది.

వీధి వాలుగా ఉంటుంది. కాలవ హోరు ముందు చెవులకి, తర్వాత అరికాళ్ళకి తెలిసింది. కుక్కావిడ ఇంటి కంచె కనిపించింది. దాని పొడుగునా చార, మూల దాకా. అక్కడ మనిషి లేదు. మూల అవతల కుక్క మొరుగుతోంది. మేస్త్రికి అక్కా అని పిలవాలనిపించింది. పిలిస్తే, పలక్కపోతే? మూల తిరగడానికి కాళ్ళు రాలేదు. తను పాతిన గుంజల్లాగే అవీ పాతుకుపోయాయి. చివరికి చెక్క పట్టుకుని, అక్క పట్టుకున్నట్టే పట్టుకుని, మూల తిరిగాడు.

మొదటి ఉత్తి గుంజని రెండు చేతులా కావలించుకుని ఆవిడ నిలబడి ఉంది. పాదాలు పచ్చి సిమెంటులో దిగబడి ఉన్నాయి. ఆవిడ బరువుకి గుంజ ఒరిగిపోయింది. బురదలో కాలవ వైపు ఒకే ఒక్క అడుగు ముద్ర ఉంది, మళ్ళీ వెనక్కి ఒకటి. ఆ పై గుంజల వరసంతా చెక్కల్లేకుండా, పళ్ళూడిన దువ్వెనలా, నీళ్ళ దాకా దిగింది.

మేస్త్రి ఒక్క అంగలో వెళ్ళి ఆవిడ జబ్బ పట్టుకున్నాడు.

"ఎవడ్రా వీడు, సగంలో వదిలేసి పోయాడు? వచ్చాడంటే చెవి మెలేస్తా" అంది అక్క కోపంగా.

"నేనే అక్కా."

ఆవిడ ఆ గొంతు వైపు మొహం తిప్పింది. "నువ్వెవరు బాబూ?"

"కంచెలు కడతాను."

"మా తమ్ముడూ కడతాడు. వాడు సగంలో వదలడు."

కుక్కావిడ బయటికొచ్చి, "అయ్యయ్యో, నా గుంజ వంచేశారు!" అంది. తర్వాత అడుగు ముద్ర చూసింది, నీళ్ళు చూసింది, మారు మాట్లాడకుండా వెళ్ళి బిందెడు నీళ్ళు తెచ్చింది. పచ్చి సిమెంటు ఒళ్ళు కాలుస్తుంది. మేస్త్రి అక్క పాదాలు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందుల్లో కడుగుతుంటే, నీళ్ళు సగం ఆయన మీదే పడ్డాయి. "నువ్వు మంచివాడివి. మా వాడికి చెప్పి నీకు పనిప్పిస్తాలే" అంది ఆవిడ.

ఆ తర్వాత కుక్కావిడ నోరు ఊరుకోలేదు. గుంజ వద్దందని తన చెవులతో విన్నానంది. ఎంత తిట్టినా మేస్త్రి చెక్క ముట్టుకోలేదంది. ఆ చెక్కలే కొట్టి ఉంటే అక్కగారు నీళ్ళ అంచు దాకా నడిచి, చెయ్యి చాచి, తన పద్ధతి ప్రకారం ఒక్క అడుగు వేసేదంది. మేస్త్రికి ముందే తెలుసు, కావాలనే వదిలాడు అని మంగలి ఒప్పుకున్నాడు, టైలరు ఒట్టేశాడు. ఇప్పుడు గుంజల జోస్యం అడగడానికి పక్క పేటల నుంచి కూడా వస్తున్నారు. అలా వచ్చిన ఒకాయన, తన పెరటి మూల మేస్త్రి స్క్రూడ్రైవర్ గుచ్చుతుంటే, ఆ రోజు గుంజ సరిగ్గా ఏమని చెప్పిందో ఆ మాట తనకీ వినిపించమన్నాడు. మేస్త్రి తల ఎత్తలేదు.

"గుంజ ఏమీ చెప్పలేదు. సిమెంటు ఆరాలనీ ఆగలేదు. మేకులు అయిపోయాయి. ఉంటే కొట్టేసేవాణ్ణి."