ఏడో రౌండ్ ఎవరు చూశారు?

మా మర్డీనా పిన్ని తన జీవితంలో ఎవరి మాటనూ ఊరికే నమ్మలేదు. "పిన్నీ, బయట వాన పడుతోంది" అంటే కిటికీ తెరిచి చెయ్యి బయటపెట్టి, ఆ తడిచెయ్యి తుడుచుకుంటూ "అవునురా, పడుతోంది" అనేది. కంటికీ చెవికీ మధ్యనున్న ఆ బెత్తెడు దూరంలోనే లోకంలోని అబద్ధాలన్నీ కాపురముంటాయని ఆవిడ సిద్ధాంతం. అందుకే ఎవరేం చెప్పినా ఒకటే ప్రశ్న: "నువ్వు చూశావా?"

కెనడాలోని కేప్ బ్రెటన్ దీవిలో మా పోర్ట్ గార్వీ బొగ్గు గనుల ఊరు. ఇక్కడ పుష్కలంగా దొరికేవి మూడు: బొగ్గు, పొగమంచు, కోతలు. మొదటి రెంటి జోలికీ పిన్ని ఎప్పుడూ వెళ్ళలేదు.

అలెక్ బాబాయి కుర్రతనంలో ఆవిడ ముందు మోకాలి మీద కూర్చుని, "నీకు ముందు ఎవరినీ ప్రేమించలేదు, మర్డీనా" అన్నాడట. "లేవండి, కనుక్కుని చెప్తాను" అని పిన్ని పక్క ఊరికి బస్సెక్కింది. నలుగురినీ అడిగి వచ్చాకే సరేనంది. "మీ పిన్ని నన్ను చేసుకుంది ప్రేమతో కాదురా ఆర్చీ, ఆధారాలతో" అని బాబాయి ఇప్పటికీ వాపోతుంటాడు.

ఒక ఆదివారం చర్చిలో ఫాదర్ రాంకిన్ ఐదు రొట్టెలతో ఐదువేల మంది కడుపులు నిండిన కథ చెబుతుంటే ముందు బెంచీలోంచి గొంతు లేచింది. "లెక్కపెట్టింది ఎవరు ఫాదర్?" ఆ తర్వాత నుంచి ఫాదర్ ఆ కథ వచ్చినప్పుడల్లా పిన్ని వైపు చూసి "చాలామంది" అని ఊరుకునేవాడు.

మంచు హాకీ ఆడే హాల్లో ఊరి క్రీడాకారుల పేర్లతో కంచు ఫలకాలు పెట్టే గోడ ఒకటుంది. ఫలకం మీద చెక్కే ముందు ఆ గొప్పలు నిజమో కాదో చూసే పని, ఏ ధైర్యంతోనో, పిన్నికి అప్పగించారు. ఆవిడకి కారు నడపడం రాదు. కాబట్టి నా ట్రక్కుకీ, నాకూ విశ్రాంతి లేదు.

ఆ వసంతంలో ముసలి బాక్సర్ లాకీ గిల్లిస్ పోయాడు. లాకీ కథ ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కుర్రవాడిగా హాలిఫాక్స్ నగరానికి వెళ్ళి, కెనడా ఛాంపియన్ బెన్ స్టెడ్‌మన్‌తో తలపడి, ఏడో రౌండ్‌లో ఎడమచేతి దెబ్బతో అతన్ని పడగొట్టాడు. న్యాయనిర్ణేతలు మోసం చేసి గెలుపు కాజేశారు. ఇదీ కథ. లాకీ కూతురు ఎఫీ చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. పెళ్ళి మాట ఎత్తకుండా తండ్రిని చివరిదాకా చూసుకున్న మనిషి.

ఫలకాల కమిటీ అధ్యక్షుడు విన్స్ మెక్‌నీల్ సంబరం పట్టలేక ఒక ఘనకార్యం చేశాడు. శనివారం మధ్యాహ్నం లాకీ ఫలకం ఆవిష్కరణకి స్టెడ్‌మన్ కొడుకు వాల్టర్‌ని పిలిచేశాడు. "పాత పగలు పోయి చేతులు కలపాలి" అన్నాడు.

పిన్ని మొహం పాలిపోయింది. "విన్స్, ఆ పోటీ జరిగినట్టు నీకెవరు చెప్పారు?"

"ఊరంతా చెప్తుంది, అక్కా!"

"అది జరగలేదనుకో. వాళ్ళబ్బాయి లేచి నలుగురిలో ఆ మాటంటే? ముందు వరసలో కూర్చునేది ఎఫీ!"

విన్స్ గోడ మీది క్యాలెండర్‌లో శనివారానికి రోజులు లెక్కపెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి పిన్ని ఇల్లిల్లూ తిరిగింది. ఆ పోటీ చూశామన్నవాళ్ళని లెక్కేస్తే పోటీ జరిగిందన్న హాలు కాదు కదా, మా చర్చి, స్కూలు, ఓడరేవు కలిపినా పట్టేట్టు లేరు. ముసలి డంక్ మెక్‌ఫీ అయితే గుండె మీద చెయ్యేసుకున్నాడు. "నేను చూశాను మర్డీనా! ఈ కళ్ళతో!"

"అప్పుడు నీకెన్నేళ్ళు డంక్?"

డంక్ వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "మా అమ్మ ఎత్తుకుని చూపించింది" అన్నాడు.

ఊరికి కోపం వచ్చింది. చచ్చిపోయినవాడి పరువు తియ్యడానికి తిరుగుతోందన్నారు. రొట్టెల దుకాణంలో పిన్ని అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ఎఫీ ఇంటికెళితే తలుపు తెరుచుకోలేదు. లోపల కెటిల్ కూత మాత్రం వినిపించింది. పిన్ని గుమ్మంలో చాలాసేపు నిలబడింది.

"పోనీలే పిన్నీ, వదిలెయ్యరాదూ?" అన్నాను.

"ట్రక్కు తియ్యి. హాలిఫాక్స్ పోదాం."

దారంతా ఆవిడ ఒక్క మైలు బోర్డునూ అనుమానించలేదు. అది నాకు ఊరి కోపం కంటే ఎక్కువ భయం పుట్టించింది.

వాల్టర్ స్టెడ్‌మన్ మర్యాదస్తుడు. కూర్చోబెట్టి టీ ఇచ్చి మరీ పిడుగు వేశాడు. "శనివారం తప్పకుండా వస్తానండీ. వచ్చి ఒక్క మాట చెప్పి పోతాను. మా నాన్న గిల్లిస్ అనే మనిషితో ఎన్నడూ పోటీ చెయ్యలేదు. పోయినవాడు మీకొక్కరికేనా? మాకూ ఉన్నాడు."

పిన్ని టీ కప్పు పక్కన పెట్టింది. "గిల్లిస్ అనే మనిషి మీ నాన్నగారికి బొత్తిగా తెలియదా?"

వాల్టర్ తడబడ్డాడు. "తెలుసు. ఒక శీతాకాలమంతా సాధనలో ఎదురు నిలబడి దెబ్బలు తినడానికి పెట్టుకున్నాడు. అంతే. తన ఎడమచేతి దెబ్బ ఆ దీవి మనిషే నేర్పాడని నాన్న అంటుండేవాడు గానీ..."

పిన్ని కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది. "అంటుండేవాడు. మీరు చూశారా?"

"నేనప్పటికి పుట్టలేదు."

"అయితే చూసినవాణ్ణి చూపించండి."

చూసినవాడు ఒక్కడే మిగిలున్నాడు: బాక్సర్ల గాయాలకి మందు రాసే ఐరా టైన్స్. వృద్ధాశ్రమంలో ఉన్నాడు. వాల్టర్ మమ్మల్ని వెంటబెట్టుకు వెళ్ళాడు. తీరా చూస్తే ఆయనకి రెండు కళ్ళూ కనపడవు.

"మన అదృష్టం పిన్నీ, ప్రత్యక్ష సాక్షి గుడ్డివాడు" అని గొణిగాను.

"అప్పుడు కనపడేవిగా. నోర్మూసుకో."

లాకీ పేరు వినగానే ఐరా మొహం వెలిగింది. "గిల్లిస్! అబ్బ, ఆ ఎడమచెయ్యి! కానీ గాజు ఎముకలమ్మా. గట్టిగా కొడితే ఎదుటివాడి దవడకంటే ముందు తన చెయ్యే విరిగేది. అందుకే పోటీల్లోకి దింపలేదు. బెన్‌ని ఎదురుగా నిలబెట్టుకుని భుజం ఎక్కడ దించాలో, మడమ ఎప్పుడు తిప్పాలో రోజూ చూపించేవాడు. బెన్ ఛాంపియన్ అయింది ఆ దెబ్బతోనే."

"ఎలా కొట్టేవాడు?" అంది పిన్ని.

"పక్కనెవరైనా ఉన్నారా?"

"మా అబ్బాయి ఉన్నాడు."

ఆయన నా భుజం తడిమి చూసుకున్నాడు. తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. నేల మీద కూర్చుని ఉన్నాను. పక్కటెముకల్లో చర్చి గంటలు మోగుతున్నాయి.

"ఇంకోసారి కొట్టండి," అంది పిన్ని. "మడమ సరిగా చూడలేదు."

వాల్టర్ మాత్రం చూశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "అదే. మా నాన్నదే. అచ్చం అదే" అన్నాడు. శనివారం ఏం చెబుతావని పిన్ని అతన్ని అడగలేదు. నేను అడగబోతే నా కాలు తొక్కింది.

శుక్రవారం మధ్యాహ్నం మళ్ళీ ఎఫీ గుమ్మం తొక్కాం. ఈసారి తలుపు తెరిచింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"రండి అత్తా. అబద్ధమని తేల్చుకొచ్చారా? నాకెప్పుడో తెలుసు. ఒకనాడు సారా కొట్లో ఏదో మత్తులో అనేశాడు నాన్న. మర్నాడే వెళ్ళి 'అదంతా ఉత్తిదిరా బాబూ' అన్నాడు. 'చూశారా, ఎంత వినయమో!' అన్నారు వాళ్ళు. ఎంత కాదంటే కథ అంత పెరిగింది. చివరికి అలిసిపోయి ఊరుకున్నాడు." ముక్కు తుడుచుకుంది. "రేపు ఆ స్టెడ్‌మన్ కొడుకు లేచి నిలబడితే నేనెక్కడ దాక్కోను?"

పిన్ని ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఐరా చెప్పిందంతా మాట పొల్లుపోకుండా చెప్పింది. ఎఫీ మొదట నమ్మలేదు. ఆధారంగా నా చొక్కా ఎత్తి చూపించాల్సి వచ్చింది.

శనివారం హాలు కిటకిటలాడింది. విన్స్ గుడ్డ లాగాడు. ఫలకం మీద ఏడో రౌండ్ లేదు. "లాకీ గిల్లిస్. ఛాంపియన్‌కి ఎడమచేతి దెబ్బ నేర్పినవాడు" అని ఉంది.

గుసగుసలు పెద్దవై గోలయ్యాయి. "ఏడో రౌండ్ ఏమైంది?" అని డంక్ బల్ల గుద్దాడు. "ఇది మర్డీనా పనే!" అని ఎవరో అరిచారు. ముందు వరసలో ఎఫీ పిన్ని చెయ్యి బిగించి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే వాల్టర్ స్టెడ్‌మన్ లేచాడు.

నేను తలుపు ఎంత దూరముందో చూసుకున్నాను.

"మా నాన్నకి ఛాంపియన్ బెల్టు తెచ్చిపెట్టిన దెబ్బ ఒక్కటే" అన్నాడు వాల్టర్. "అది ఈయన పెట్టిన భిక్ష. మా ఇంటి తరఫున కృతజ్ఞత చెప్పుకోవడానికి వచ్చాను. ఇన్నేళ్ళు ఆలస్యమైనందుకు క్షమించాలి." నేరుగా ఎఫీ దగ్గరికి వెళ్ళి తల వంచాడు.

చప్పట్లకి పైకప్పు లేచిపోయింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు డంక్. "నేను చెప్పలేదూ? నేర్పేటప్పుడు నేను అక్కడే ఉన్నాను!" అన్నాడు. పిన్ని టీ బల్ల మీంచి ఒక ఓట్‌కేక్ బిస్కెట్టు తీసి ఆయన నోట్లో పెట్టింది.

టీలు తాగుతుండగా విన్స్ నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు. తన మేనమామ ఫలకం చూపించాడు. "మా మామ పెద్ద మారథాన్ గెలిచాడని మేమంతా అనుకునేవాళ్ళం. గెలవలేదు. మీ పిన్ని ఆ సంగతి మా అమ్మకి ఒక్కదానికే చెప్పింది. మళ్ళీ నెల్లాళ్ళు తిరిగి ఇది పట్టుకొచ్చింది." ఫలకం మీద "మంచు తుఫానులో డాక్టర్ కోసం పరిగెత్తి వెళ్ళినవాడు" అని ఉంది. "ఆ రాత్రి పుట్టింది నేనేరా ఆర్చీ."

గోడంతా చదువుకుంటూ నడిచాను. మా గోడ మీద ఎవరూ ఏదీ గెలవలేదని పొరుగూళ్ళవాళ్ళు వెక్కిరించేవాళ్ళు. నిజమే, ఎవరూ గెలవలేదు. కానీ ప్రతి ఫలకం ముందూ ఒక కుటుంబం నిలబడి, తమ పిల్లలకి వేలితో చూపిస్తూ చదివి వినిపిస్తోంది. పిన్ని ఒక అబద్ధాన్ని తీసిందంటే ఆ చోటు ఎప్పుడూ ఖాళీగా వదల్లేదు. అన్నిసార్లు ట్రక్కు నడిపానే గానీ, నాకు ఆ సంగతి తట్టనేలేదు.

జనం పలచబడ్డాక ఎఫీ మెల్లగా పిన్ని పక్కకి చేరింది.

"అత్తా, ఒక చిక్కు వచ్చింది. నాన్న సమాధి రాయి మీద ఏడో రౌండ్ సంగతి ముందే చెక్కించేశాను. ఇప్పుడేం చెయ్యను?"

పిన్ని చుట్టూ చూసింది. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకుంది.

"ఉండనియ్యవే. నేను శ్మశానానికి కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళను."