మరక పడని రుమాలు

మా ఆటోమొబైల్ డిప్లొమా వర్క్‌షాప్ సారు చేతికి గ్రీజు అంటగా నేనెన్నడూ చూడలేదు. అయినా ఇంజన్ పక్కన నిలబడిన ప్రతిసారీ జేబులోంచి తెల్ల రుమాలు తీసి, వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకునేవారు. నారాయణగూడలోని ఆ కాలేజీకి ఉన్నది ఒక్కటే ఇంజన్. దాన్ని విప్పనిచ్చేవారు కాదు. తనిఖీకి అధికారులు వస్తున్నారంటే మాత్రం మా చేత దానికి రంగు వేయించేవారు. పొర మీద పొర పడి బోల్టులన్నీ అతుక్కుపోయాయి. దసరాకు దానికి దండ వేసి, కొబ్బరికాయ కొట్టించి, "మిషన్‌కు ఇజ్జత్ ఇయ్యాలె, ఊకె ముట్టొద్దు" అనేవారు. చదువు అయిపోయేదాకా ఇజ్జత్ ఇస్తూనే ఉన్నాం. పాసై పనికి వెళ్తే, పానా పట్టడం రాని డిప్లొమా అని అందరూ నవ్వారు. చివరికి చిక్కడపల్లిలో ఒక షెడ్డులో ఓనమాల నుంచి మొదలుపెట్టాను.

మొన్న అదే షెడ్డుకు ఆయన కారు పొగలు కక్కుతూ వచ్చింది. నేను బానెట్ ఎత్తి, చేతులు మోచేతుల దాకా నల్లగా చేసుకుని పని చేస్తున్నాను. సారు దూరంగా నిలబడి, రుమాలు తీసి వేళ్లు తుడుచుకుంటూ, పక్కనున్న గిరాకీతో గర్వంగా అన్నారు: "మా స్టూడెంటే. నేను నేర్పిన పనే చేస్తున్నడు."

నేను తలెత్తలేదు.

"మీరు నేర్పిన పనైతే రంగు డబ్బా కావాలె సార్. తెప్పియ్యాల్నా?"