సున్నా బాబాయి, మాస్టారి కిటికీ

సున్నా బాబాయి ఉన్నన్నాళ్ళూ, ఎవరి ఫోనులో వీడియో ఆగి సున్నా తిరిగినా ఆయన కాలు నిలిచేది కాదు. ఆ ఫోను ఇంట్లోవాళ్ళదా, పరాయివాళ్ళదా అన్న పట్టింపు ఉండేది కాదు. చెయ్యి చాచి లాక్కునేవాడు. సున్నా పోయి బొమ్మ కదిలేదాకా కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగేవాడు.

ఆ పేరు పెట్టింది అన్న కూతురు. భవనంలో మూడంతస్తులవాళ్ళూ అందుకున్నారు. ఆయనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా "బాబాయ్, కాస్త ఇది చూడు" అంటూ వచ్చేవారు.

బాబాయి ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాడు. తెలుగులో అరసున్నాలు పోయింది తన చేతి మీదుగానే అని చెప్పుకునేవాడు. కాబట్టి రోగం కనిపెట్టడం కూడా ఆ భాషలోనే సాగేది.

"నిండుగా తిరుగుతోందా, సగమేనా?"

"సగమే, బాబాయ్."

"అరసున్నా. తప్పు మన ఫోనుది. నిండుసున్నా అయితే కంపెనీవాళ్ళది."

"నాకు రెండూ తిరిగాయి."

"అయితే ఇద్దరిదీ."

ఇందులో శాస్త్రమెంతో గానీ, వైద్యం మాత్రం గట్టిదే. ముందు ఫోన్ని విమానం ఎక్కించి దించేవాడు. అంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీసేవాడన్నమాట. తర్వాత వెనకాల తెరిచి ఉన్న యాప్‌లన్నీ మూసేవాడు. అప్పటికీ లొంగకపోతే బొమ్మ నాణ్యత తగ్గించేవాడు. "మొహం మసకైతేనేం, మాట వినబడుతుందిగా" అనేవాడు.

ఒకసారి పళ్ళ డాక్టరమ్మ కుర్చీలో నోరు తెరుచుకుని ఉండగా, పక్కనున్న నర్సు ఫోనులో సున్నా ఆయన కంట పడింది. నోట్లో గొట్టంతోనే లేచాడు.

"అయ్యా, మీ పన్ను సగంలో ఉంది" అంది డాక్టరమ్మ.

"అన్నెక్కహికీ ఓదు" అన్నాడు బాబాయి. పన్నెక్కడికీ పోదు అని దాని అర్థం. ఫోను బాగుపడింది. పన్ను మాత్రం ఇంకో రెండు వారాలు సగంలోనే ఉంది.

ఏ మందూ పనిచెయ్యకపోతే ఆఖరి మందు ఒకటుంది. "మూడో అంతస్తు ఎక్కు. డ్రిల్లు మాస్టారి కిటికీ దగ్గర నిలబడు. అక్కడ సిగ్నలు వరదలా పారుతుంది."

డ్రిల్లు మాస్టారు తుంటి ఎముక విరిగి, ఏడాదిగా మంచానికీ కిటికీకీ మధ్యే బతుకుతున్న మనిషి. ఆయన రిటైరయ్యాడు గానీ గొంతు కాలేదు. ఫోను పట్టుకుని ఎవరొచ్చినా "చెయ్యి పైకెత్తు. మోచెయ్యి వంచకు. వెన్ను నిటారు" అనేవాడు. ఇంతా చేసి ఆయనకున్నది ఒక పాత రేడియో. ఫోను ముట్టి ఎరగడు. కిటికీ తనదే కాబట్టి సిగ్నలూ తనదేనన్న దర్జా మాత్రం ఉండేది.

ఒక ఆదివారం నాలుగింటికి అన్న కూతురి ఈత పందెం. వేరే ఊళ్ళో. దాని జన్మకది మొదటి ఫైనలు. మొదలైతే మూడు నిమిషాల్లో అయిపోతుంది. వాళ్ళమ్మ, అంటే బాబాయి వదిన, మందుల షాపులో సెలవు దొరక్క వెళ్ళలేకపోయింది. పొద్దున్నే పిల్ల ఫోను చేసింది.

"అమ్మా, పోయినసారి చూడకుండానే చూశానన్నావు. ఈసారి గోడ తాకాక నేనేం చేశానో నువ్వు చెప్పాలి."

"చెప్తానే తల్లీ."

వదిన షాపు నుంచి పరుగున వచ్చి నాలుగుకి పది నిమిషాలుండగా ఫోనులో పందెం లైవు తెరిచింది. సున్నా. మరిది కోసం కేకేసింది. ఇంట్లో లేడు. ఆఖరి మందు ఆవిడకూ తెలుసు కాబట్టి చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని మూడో అంతస్తు ఎక్కేసింది.

మాస్టారి గదిలో ముగ్గురున్నారు. ఎలక్ట్రీషియను తన అత్తగారి మీద ఫిర్యాదులు చెబుతున్నాడు. బ్యాంకు గుమాస్తా పేపరు చదివి వినిపిస్తున్నాడు. కింద వాటా బామ్మగారు చిక్కుళ్ళ ఈనెలు తీస్తోంది. ముగ్గురి ఫోన్లూ కిటికీ గట్టు మీద బోర్లా పడుకున్నాయి.

వదిన ఫోను పైకెత్తింది. ఉన్న ఒక్క గీతా పోయింది.

"ఇదేమిటి, ఇక్కడ సిగ్నలే..."

ముగ్గురికీ ఒక్కసారే దగ్గొచ్చింది. ఎలక్ట్రీషియను తన ఫోను తలకిందులుగా పట్టుకుని "ఆహా, ఎంత బాగా వస్తోందో" అన్నాడు.

అంతలో బాబాయి రొప్పుతూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "మాస్టారూ, మీ కిటికీ ఇవాళ కిక్కిరిసింది. వదినకి డాబా మీద చోటు చూపిస్తా."

"వెళ్ళండి. వరుసలో" అన్నాడు మాస్టారు.

మెట్ల మీద వదిన తగులుకుంది. "ఏమయ్యా, అక్కడ సిగ్నలు చచ్చిపోయిందిగా?"

"ఎప్పుడు బతికింది గనక? ఫోనిలా ఇవ్వు."

"మరి ఏడాదిగా అందర్నీ తోలుతున్నావు?"

"పరామర్శకొచ్చిన ప్రతివాణ్ణీ ఆయన తిట్టి పంపేశాడు వదినా. మనిషి మొహం చూడక చిక్కిపోయాడు. అదే తనతో పనుండి వస్తే రాజులా కూర్చోబెడతాడు. ఇదిగో, నీ ఫోను కింద ఇంట్లో వైఫైని పట్టుకుని వేలాడుతోంది. అది అందదు, ఇది వదలదు."

"వాళ్ళ ముగ్గురికీ తెలుసా?"

"నేనడగలేదు. వాళ్ళు చెప్పలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ నోట్లో నువ్వుగింజ నానదు గనక."

వదినకి ఒళ్ళు మండింది. కానీ తిట్టడానికి టైము లేదు. నాలుగుకి ఒక్క నిమిషం. బాబాయి వైఫై కట్టేశాడు, విమానం ఎక్కించాడు, దించాడు, నాణ్యత అడుక్కి లాగాడు. డాబా మీద మూడు గీతలు నిలబడ్డాయి. సున్నా ఇంకా తిరుగుతూనే ఉంది. బాబాయి ఆవిడ చుట్టూ తిరుగుతున్నాడు.

"నువ్వాగవయ్యా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

ఈల వినబడింది. తర్వాత నీళ్ళు కనబడ్డాయి, నీళ్ళలో ఎనిమిది చుక్కలు. మసక మసగ్గా ఉన్నా తల్లి తన చుక్కని పోల్చుకుంది. ఆ చుక్క మూడోదిగా వెళ్ళి, నాలుగోదై, అయిదోదిగా గోడ తాకింది. టోపీ లాగేసి, కెమెరా వైపు తిరిగి ఇంత పొడుగు నాలుక చాపింది.

"నాలుక చాపింది" అంది వదిన. మరిది భుజం పట్టుకుని ఊపుతూ మళ్ళీ అంది. "చూశావా, నాలుక చాపింది."

మర్నాడు సాయంత్రం ఆవిడ మళ్ళీ మూడో అంతస్తు ఎక్కింది. చేతిలో ఫోను. అందులో ఎప్పుడో దింపుకున్న పాట నిక్షేపంగా నడుస్తోంది.

"ఏమ్మా, ఆగిపోయిందా?" అన్నాడు మాస్టారు, నిటారుగా కూర్చుంటూ.

ఆవిడ గుమ్మంలోనే పాట గొంతు నొక్కేసింది.

"ఆగిపోయింది మాస్టారూ. కాస్త మీ కిటికీ దగ్గర నిలబడనిస్తారా?"