పగలు పచ్చ, దీపానికి ఎరుపు

ఏ సంగతైనా సరే, పగటి వెలుతురులో ఒకసారి, దీపం వెలుతురులో ఒకసారి చూస్తే తప్ప పిన్ని తేల్చి చెప్పదని పేరు. గోడ రంగు గానీ, కిటికీ తెర గానీ, పక్కవాటా అద్దెకు అడగడానికొచ్చిన మనిషి గానీ, అన్నిటికీ ఒకటే మాట. "దీపం పెట్టనివ్వు, చెప్తా" అనేది. వీధి వీధంతా ఆవిడను రెండుదీపాలావిడ అని పిలుచుకునేది. అది ఆవిడ చెవిన పడనే పడింది. కోపం రాలేదు గానీ, "అందులో ఒకటి సూర్యుడు. సూర్యుణ్ణి పట్టుకుని దీపమంటారా, కళ్ళు పోతాయి" అని తప్పు దిద్దింది.

ఈ జబ్బు ఆవిడకు ఒక రాయి వల్ల అంటుకుంది. బాబాయిది రంగురాళ్ళ కొట్టు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో సాన, మేడ మీద కాపురం. పెళ్ళయిన కొత్తలో బాబాయి ఒక చిన్న రాయి తెచ్చి, చేతిలో పెట్టి మురిసిపోయాడట. పగలు కదా, ఆకుపచ్చగా ఉంది. "ఇలాంటివి మన కొట్లో డబ్బాడున్నాయి, దీనికింత హడావుడా" అని పిన్ని పెదవి విరిచింది. సాయంత్రం కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించింది. చూస్తే బల్ల మీద అదే రాయి దానిమ్మగింజలా ఎర్రగా కూర్చుని ఉంది. పిన్ని దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, చివరికి "తప్పయిపోయింది, ఏమనుకోకు" అని ఆ రాయికే చెప్పుకుందట. తర్వాత ఆ రాయి అమ్ముడుపోయింది. అలవాటు మాత్రం ఇంట్లో ఉండిపోయింది.

ఆ రాయి పేరు అలెగ్జాండ్రైట్. పిన్నికి ఆ పేరు నోరు తిరగదు. "ఆ పెద్దపేరు రాయి" అనేది. దాని కథ మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పేది. అక్క కూతురు తమ దగ్గర ఉండడానికి వచ్చిన మొదటి వారంలోనే ఆ కథ నాలుగైదుసార్లు వినిపించేసింది.

"ఎక్కడో మంచుకొండల్లో పచ్చలు తవ్వేవాళ్ళకు దొరికిందటే. ఇదీ పచ్చేలే అనుకుని జేబులో వేసుకున్నారట. సాయంత్రం చలి కాచుకుంటూ తీసి చూసుకుంటే ఎర్రగా, నిప్పుకణికలా ఉందట. ఒకడైతే చెయ్యి కాలిందని పారేశాడట."

"పారేశాడని నీకెవరు చెప్పారు?" అన్నాడు బాబాయి భూతద్దంలోంచి కన్ను తీయకుండానే.

"ఎవడో ఒకడు పారేసే ఉంటాడు. మీలాంటివాడు ప్రతిచోటా ఒకడుంటాడు." మళ్ళీ అమ్మాయి వైపు తిరిగి, "అదెట్లా పుడుతుందనుకున్నావ్? భూమి అడుగున ఉండే సరుకొకటి, పైపైన ఉండే సరుకొకటి. రెండూ ఒక వీధిలో కాపురం ఉండవు. ఎన్ని కోట్ల ఏళ్ళకో, ఎక్కడో ఒకచోట, మహా వేడిలో ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి కలుస్తాయి. అప్పుడు పుడుతుంది. అందుకే అంత అరుదు."

"మన పెళ్ళిలాగా అన్నమాట," అన్నాడు బాబాయి.

"అవును. ఆ వేడికి నేనొక్కదాన్నే తట్టుకున్నాను."

ఆవిడ సంచిలో ఎప్పుడూ ఒక కొవ్వొత్తీ అగ్గిపెట్టే ఉండేవి. ట్యూబులైట్లు వచ్చాక దీపం లేకుండా పోయిందని ఆవిడ బాధ. ఆ తెల్ల వెలుతురు కింద అందరూ జ్వరమొచ్చి లేచినవాళ్ళలాగే ఉంటారట. అందుకని పాత పసుపు బల్బులు కూడబెట్టి, నగలు దాచినట్టు బట్టల మధ్య దాచేది.

ఆవిడతో కలిసి గుడ్డల కొట్టుకు వెళ్ళడమంటే అమ్మాయికి సిగ్గుతో చచ్చిపోవడమే. ఒకసారి కిటికీ తెరల కోసం ముగ్గురూ వెళ్ళారు. కొట్టువాడు ముచ్చటపడి తీసిన గుడ్డను బాబాయి చూడ్డంతోనే "బురద రంగు" అని తోసేశాడు. కొట్టువాడి మొహం వాడిపోయింది. పిన్ని సంచిలోంచి కొవ్వొత్తి తీసింది.

"అమ్మా, గుడ్డల కొట్టమ్మా ఇది," అన్నాడు కొట్టువాడు.

"నాకు తెలియదా నాయనా. నీ బల్ల కింద చీకటిగా ఉంది, అక్కడ చూస్తాం."

బల్ల కింద పిన్నీ, అమ్మాయీ, కొవ్వొత్తీ. బల్ల పక్కన నీళ్ళ బకెట్టుతో కొట్టువాడు. కాసేపటికి కిందనుంచి పిన్ని గొంతు వినపడింది. "ఇది బురదటండీ? తేనె పోసినట్టుంటే. మీరూ వంగి చూడండి."

"నా నడుము వంగదు. కొనెయ్," అన్నాడు బాబాయి.

ఇంకోసారి గోడలకు రంగు వేసే మనిషి డబ్బాలో ఏదో రంగు ఎక్కువ కలిపాడని బాబాయి గంతులేశాడు. మొత్తం గీకి మళ్ళీ వెయ్యాలన్నాడు. "దీపం పెట్టేదాకా నిచ్చెన దించకు," అంది పిన్ని. ఆ మనిషి సాయంత్రం దాకా నిచ్చెన మీద కూర్చుని టీ తాగుతూ, చేయి ఊరుకోక మూలలన్నీ నున్నగా దిద్దాడు. బల్బు వేశాక బాబాయి గోడకు దగ్గరగా వెళ్ళి, దూరంగా జరిగి, "మరీ అంత అన్యాయంగా ఏమీ లేదులే," అని గొణిగాడు.

కూరను కూడా వదల్లేదు. ఒకరోజు మధ్యాహ్నం అమ్మాయి చేసిన కూరలో ఉప్పు ఎక్కువైంది. బాబాయి కంచం జరిపేశాడు.

"సరే, దీపం పెట్టాక తిందురుగాని," అంది పిన్ని.

"దీపం పెడితే ఉప్పు తగ్గుతుందా?"

"ఆకలి పెరుగుతుంది."

అసలు అమ్మాయి ఆ ఇంట్లో ఉండిపోయిందంటే అదీ ఈ పిచ్చి పుణ్యమే. అంతకుముందు ఎక్కడా నిలవలేదు. ఫోన్లెత్తే ఉద్యోగంలో గొంతు పెగల్లేదని పంపేశారు. మందుల షాపులో సీసాలు తారుమారు చేసిందని పంపేశారు. వాళ్ళమ్మ విసిగిపోయి చెల్లెలి దగ్గరికి పంపింది. కొట్లో అడుగు పెడుతూనే, చేతిలో పెట్టె తగిలి బాబాయి పొద్దుట్నుంచి ఏరి పెట్టుకున్న రాళ్ళ పళ్ళెం నేలపాలయింది.

"రాత్రి బండికే ఎక్కించెయ్," అన్నాడు బాబాయి.

"దీపం పెట్టనివ్వండి."

మధ్యాహ్నమంతా అమ్మాయి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ బల్లల కింద పాకి రాళ్ళు ఏరింది. ఏరినవి ఏరినట్టు పళ్ళెంలో పొయ్యలేదు. ఎవరూ చెప్పకుండానే లేతవి ఒకచోట, ముదురువి ఒకచోట, వాటి మధ్యరకాలు మధ్యలో వరసగా పేర్చింది. దీపం వేళకు బాబాయి భూతద్దం పెట్టి తప్పు పట్టడానికి చాలా కష్టపడ్డాడు. దొరకలేదు. "కూర్చోమను," అన్నాడు చివరికి.

అలా ఉత్తరం వైపు కిటికీ పక్కనున్న బల్ల అమ్మాయిదయింది. ఫోను పట్టుకుంటే వణికిన చెయ్యి పట్టకారు పట్టుకుంటే వణికేది కాదు. పొద్దున్న లేస్తూనే ఆ బల్ల గుర్తొచ్చి హాయిగా ఉండేది. తనకూ ఒక పని చేతనవునని అమ్మాయికి పుట్టి బుద్ధెరిగాక అప్పుడే తెలిసింది.

ఇలా ఉండగా, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఒక పెద్దపేరు రాయి కొట్లోకి వచ్చింది. ఎవరో ఉంగరం చేయించుకోవడానికి అడిగితే బాబాయి ఎక్కడెక్కడో చెప్పి తెప్పించాడు. మర్నాడు వాళ్ళు వస్తారనగా, ఆ మధ్యాహ్నం అమ్మాయి బల్ల దగ్గరికొచ్చి అటూ ఇటూ వెతకడం మొదలుపెట్టాడు.

"ఇక్కడ కాగితం పొట్లం ఒకటుండాలి."

"విప్పి ఉంది బాబాయ్. పక్కన పచ్చరాయి ఒకటి పడుంటే, కుప్పలోంచి జారిందనుకుని అందులో కలిపేశాను."

"కలిపేశావా. ఏదీ ఆ కుప్ప?"

"పొద్దున్నే పూసలాయన పట్టుకెళ్ళాడు."

పూసలాయన కొట్టు ఎదురుగానే ఉంది. చవకరాళ్ళకు కన్నాలు పెట్టి దండలు గుచ్చి అమ్ముతాడు. బాబాయి మొదట తెల్లబోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు. ఆయనకూ రంగులు మారతాయి గానీ ఆ క్షణాన ఎవరికీ నవ్వు రాలేదు.

"ఇక నువ్వు ఆ బల్ల దగ్గర కూర్చోవద్దు. మీ అమ్మకు ఫోన్ చేస్తాను, వచ్చి తీసుకెళ్తుంది," అన్నాడు.

అమ్మాయి పట్టకారు బల్ల మీద పెట్టేసి, ఖాళీ అయిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయింది. లోపల్నుంచి పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"అది పగటి మాట. దీపం పెట్టాక మళ్ళీ చెప్పండి."

"ఈసారి నీ దీపాలు కుదరవు."

"కుదరకపోతే ఆ సంగతి కూడా అప్పుడే చెబుదురుగాని," అని అమ్మాయి చెయ్యి పట్టుకుని వీధి దాటించింది.

పూసలాయన అప్పటికే ఆ కుప్పను తన పచ్చరాళ్ళతో కలిపి పెద్ద పళ్ళెంలో పోసేశాడు. సంగతి విని పళ్ళెం ముందుకు తోశాడు. "ఏదో చూసి తీసుకోండమ్మా."

"పగలైతే నాకూ తెలియదు. షట్టర్ దించు."

"మిట్టమధ్యాహ్నం షట్టర్ దించితే నేను పోయాననుకుంటారమ్మా. ఏడవడానికొస్తారు."

"వస్తే తలా ఒక దండ అమ్ము."

షట్టర్ దిగింది. కొవ్వొత్తి వెలిగింది. అమ్మాయి మోకాళ్ళ మీద కూర్చుని పట్టకారుతో రాళ్ళను కొంచెం కొంచెంగా జరపసాగింది. ఆ వెలుతురులో పచ్చరాళ్ళన్నీ మసకబారి నిద్రపోతున్నట్టున్నాయి. అంచు దగ్గర, నాలుగు రాళ్ళ కిందనుంచి, సన్నగా ఎర్రటి మెరుపు కనపడింది.

"అదిగో," అంది మెల్లగా.

"రేపు దానికి కన్నం పెట్టి దారానికి గుచ్చేవాణ్ణి," అని పూసలాయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

పిన్ని రాయిని చేతిరుమాలు కొసకు ముడేసింది. అమ్మాయి అప్పటికే షట్టర్ ఎత్తి పరుగందుకుంటోంది.

"ఎక్కడికే? ఇంకా పొద్దుంది."

"బాబాయికి చెబుదాం పిన్నీ. పాపం, అక్కడ ఎలా ఉన్నాడో."

"ఉండనీ. మనం అలా వీధి చివరిదాకా నడిచొద్దాం. నాకూ కాళ్ళు పట్టేశాయి."

వీధి చివర టీ తాగారు. తిరిగొచ్చేటప్పుడు ప్రతి కొట్టు ముందూ పిన్ని ఆగింది. అమ్మాయి ఆవిడ కొంగు పట్టుకుని లాగుతూనే ఉంది. చీకటి పడుతుండగా ఇల్లు చేరారు.

బాబాయి అమ్మాయి బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు. పని ఆగకూడదని తనే రాళ్ళు ఏరబోయినట్టున్నాడు. ముందు మూడు కుప్పలున్నాయి, మూడూ ఒకలాగే ఉన్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అమ్మాయి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పిన్ని పసుపు బల్బు వేసింది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి."

"చెప్పడానికేముంది," అన్నాడు బాబాయి. "పొట్లం విప్పి పెట్టి టీకి పోయింది నేను. పగటిపూట నా ముందు పెట్టినా నేనూ పచ్చరాళ్ళలోనే వేద్దును. రేపు వచ్చేవాళ్ళకు నేనే ఏదో చెప్పుకుంటాను." కాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. "పొద్దున్నే వచ్చి ఈ కుప్పలు సరిచెయ్యమను దాన్ని. నేను చెడగొట్టి పెట్టాను."

అప్పుడు పిన్ని రుమాలు ముడి విప్పింది. బల్బు కింద రాయి ఎర్రగా మెరిసింది. బాబాయి రాయిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు.

"ఎప్పుడు దొరికింది?"

"మధ్యాహ్నమే."

"మధ్యాహ్నం నుంచీ నన్నిలా ఉడకబెట్టావా? ముందే చెబితే నీ సొమ్మేం పోయేది?"

"ముందే చెబితే రాయిని చూసుకుని క్షమించేవారు. నాకు పిల్లను చూసి క్షమించడం కావాలి."

బాబాయి రాయిని పొట్లం కట్టే పనిలో పడ్డాడు. కాగితం రెండు మడతలు ఎక్కువే వేశాడు.

భోజనాలయ్యాక పిన్ని గిన్నెలు తోముతుంటే అమ్మాయి పక్కన నిలబడి తుడుస్తోంది.

"పిన్నీ, ఒక్కటి అడగనా? పగలు బాగుందనుకున్నదాన్ని దీపం కింద చూసి వద్దన్నావా ఎప్పుడైనా?"

"బాగున్నదాన్ని రెండోసారి చూడడమెందుకే?" అంది పిన్ని. "నాకు వేరే పని లేదా?"

అమ్మాయి చేతిలో గిన్నె ఆగిపోయింది. వీధి వీధంతా ఇన్నాళ్ళూ దేన్ని చూసి నవ్వుకుందో తలుచుకుంటే తనకూ నవ్వొచ్చింది గానీ, అది ఇంకోరకం నవ్వు.

పక్క గదిలోంచి బాబాయి కేకేశాడు. ఆయనకు అవసరమైన మాటలు వినపడవు గానీ, ఇలాంటివి గోడల్లోంచి కూడా వినపడతాయి.

"అయితే నన్ను రెండోసారి చూశావా, లేదా?"

"రెండోసారేమిటి, పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ దీపం పెట్టగానే చూస్తూనే ఉన్నాను."

"ఏం తేలింది మరి?"

"తొందరేముందండీ," అంది పిన్ని గిన్నె బోర్లిస్తూ. "రేపు కూడా దీపం పెడతాంగా."